పొరుగింటి దిగులుకు ఏ తలుపు తట్టాలి?

ప్రశ్న: మేము సిడ్నీలోని వెస్ట్‌మీడ్‌లో ఉంటున్నాము. సిరియాలోని హోమ్స్ పట్టణం విడిచి, జోర్డాన్‌లో చాలా ఏళ్లు తలదాచుకున్న ఒక కుటుంబం ఏడాది క్రితం శరణార్థి వీసాపై మా ఎదురు ఫ్లాట్‌లోకి వచ్చింది. ఆ ఇల్లాలికి రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆసుపత్రికి వచ్చే హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే చాలు, లోపలి గదిలోకి వెళ్లిపోతుంది. డాక్టరు దగ్గర ఆమె మాటలను 12 ఏళ్ల కూతురే ఇంగ్లీషులో చెబుతుంది. ‘మానసిక వైద్యుణ్ణి కలవండి’ అని ఫోన్‌లోని అనువాదం సాయంతో నేను చెప్పినప్పటి నుంచి ఆమె నాతో ముభావంగా ఉంటోంది. నేను చేసిన తప్పేమిటి? ఆమెకు సాయం ఎక్కడ దొరుకుతుంది?
— ఒక పాఠకురాలు, సిడ్నీ

జవాబు: మీ ఉద్దేశంలో తప్పు లేదు, చిక్కంతా మాటతోనే వచ్చింది. హైదరాబాదులో ఎవరినైనా పట్టుకుని ‘ఒకసారి ఎర్రగడ్డకు వెళ్లి రండి’ అంటే వారికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫోన్ మీ సలహాను అరబిక్‌లో ఏ రూపంలో వినిపించిందో గాని, ఆమె చెవికి అది ‘మజ్నూన్’ అన్నట్టు, అంటే పిచ్చిదానా అన్నట్టు, తగిలి ఉండవచ్చు. మనసు బాగాలేదని చెప్పుకోవడానికి సిరియా వారికి తమవైన మాటలున్నాయి. ‘నఫ్సియ్యతీ తాబానే’ అంటే నా మనసు అలసిపోయిందని అర్థం. పరాయి నేలపై బతకడంలోని దిగులుకు ‘ఘుర్బా’ అనీ, లోపల దాచుకున్నదంతా వెళ్లబోసుకోవడానికి ‘ఫద్‌ఫదా’ అనీ అంటారు. ‘నిద్ర పట్టడం లేదట కదా, మనసు అలసిపోయిందా?’ అని అడిగితే తలుపు మూసుకోని మనిషి, వ్యాధి పేరు వినగానే మూసుకుంటుంది. ఈ విషయంలో మన ఇళ్లకూ వారి ఇళ్లకూ పెద్ద తేడా లేదు.

అన్నిటికంటే ముందు ఆ పిల్లను ఆ పని నుంచి తప్పించాలి. తల్లి తాను చూసినవాటిని కూతురి నోట చెప్పించలేక అసలు బాధను దాచి, తలనొప్పి అనో కడుపునొప్పి అనో చెప్పి వచ్చేస్తుంది. ఒకవేళ చెప్పినా, ఆ బరువును ఆ పసిదే మోయాలి. టిస్ నేషనల్ అనే ప్రభుత్వ దుబాసీ సేవ 131 450 నంబరుపై రాత్రింబవళ్లు పనిచేస్తుంది. మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద రోగులను చూసే ప్రైవేటు డాక్టర్లు దానిని ఉచితంగా వాడుకోవచ్చు. కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ‘అరబిక్ దుబాసీ కావాలి, వీలైతే స్త్రీ, సిరియా లేదా లెబనాన్ యాస తెలిసిన మనిషి’ అని అడిగించండి. తమ వాళ్లే విని ఊరంతా చాటుతారనే భయం ఆమెకు ఉంటే, ఫోన్‌లో మాట్లాడే దుబాసీ మంచిది, ఎందుకంటే ఆ దుబాసీ వేరే నగరంలో ఉండవచ్చు, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోనక్కరలేదు. పశ్చిమ సిడ్నీలో అరబిక్ మాట్లాడే డాక్టర్లకు కొదవ లేదు, కాని సరిగ్గా ఈ భయం వల్లనే కొందరు వారి దగ్గరకు వెళ్లరు. ఆమె ఏది కోరుకుంటే అదే సరైనది.

ఇక మీరు అడిగిన చోటు గురించి చెబుతాను. యుద్ధం, చిత్రహింసల గాయాలను మోస్తున్నవారి కోసం న్యూ సౌత్ వేల్స్‌లో 1988 నుంచి ‘స్టార్ట్స్’ అనే సంస్థ పనిచేస్తోంది. దాని ప్రధాన కార్యాలయం ఫెయిర్‌ఫీల్డ్ పక్కనున్న కారమార్‌లో ఉంది. సిరియా, ఇరాక్ సంక్షోభం నుంచి బయటపడినవారికి అదనంగా 12,000 వీసాలు ఇస్తామని ఆస్ట్రేలియా 2015 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, అలా వచ్చినవారిలో చాలామంది స్థిరపడింది ఈ ఫెయిర్‌ఫీల్డ్ చుట్టుపక్కలే. సేవలు ఉచితం. డాక్టరు చీటీ లేకపోయినా ఆమె స్వయంగా అడగవచ్చు, లేదా ఆమె అనుమతితో మీరు అడగవచ్చు. నాకు ఆ సంస్థ పద్ధతిలో నచ్చేది ఏమిటంటే, అందరినీ ముందే కౌన్సెలర్ ఎదుట కూర్చోబెట్టరు. కొత్త దేశంలో కుటుంబం ఎలా మారుతుంది, పిల్లల పెంపకం, చట్టం, డబ్బు వంటివాటిపై ఆయా సమాజాలకు చెందిన, శిక్షణ పొందిన మనుషులే వారి భాషలో నడిపే బృందాలు అక్కడ ఉన్నాయి. ‘పాఠం వినడానికి’ అని వచ్చిన మనిషి నాలుగో వారానికి నిద్ర సంగతి తానే ఎత్తుతుంది. మీ పొరుగామెకు ఈ దారి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

డాక్టరు మానసిక ఆరోగ్య ప్రణాళిక రాసిస్తే మెడికేర్ కింద ఏడాదికి 10 సార్లు సైకాలజిస్టును రాయితీపై కలిసే వీలూ ఉంది. యుద్ధ గాయానికి పది సార్లు సరిపోవడం అరుదు.

మరొక సంగతి అడిగి తెలుసుకోండి. శరణార్థిగా వచ్చినవారికి ప్రభుత్వ పునరావాస కార్యక్రమం కింద 6 నుంచి 18 నెలల వరకు కేస్ వర్కర్ సాయం ఉంటుంది. వారు వచ్చి ఏడాదే అయింది కనుక ఆ తలుపు ఇంకా తెరిచే ఉండవచ్చు. కొత్తగా వచ్చినవారికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే ఇంగ్లీషు తరగతులను తన గంటలు అయిపోయాయని ఆమె మానేసి ఉంటే, 510 గంటల పరిమితిని 2021లోనే తీసేశారని చెప్పండి. బ్యాంక్స్‌టౌన్‌లోని అరబ్ కౌన్సిల్ ఆస్ట్రేలియా వంటి సంస్థలకు వెళితే ఫారాలు, అద్దె, ఉద్యోగాల చిక్కులు అరబిక్‌లోనే మాట్లాడుకోవచ్చు. దిగులులో సగం ఈ ఫారాల నుంచే పుడుతుందని అక్కడ పనిచేసేవారికి బాగా తెలుసు. మిగతా సగం ఫోన్‌లో వచ్చే వార్తల నుంచి: 2024 డిసెంబరులో అసద్ ప్రభుత్వం కూలిన తరువాత ‘తిరిగి వెళ్లాలా’ అన్న ప్రశ్న ఎన్నో సిరియా ఇళ్లలో భార్యాభర్తల మధ్య కూర్చుంది.

ఆమె ఎప్పుడైనా ప్రాణం తీసుకునే మాట ఎత్తితే మాత్రం వేచి చూడకండి. వెంటనే అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయండి. అంత తొందర లేని వేళ రాష్ట్ర మానసిక ఆరోగ్య లైను 1800 011 511 ఉంది, దుబాసీని అడగవచ్చు.

మీ వంతు పని చిన్నదే. కాఫీకి పిలవండి, మొదటిసారి కారమార్‌కు తోడుగా రైల్లో వెళ్లండి, లోపలికి ఆమెను ఒక్కదాన్నే పంపి బయట కూర్చోండి.

ప్రశ్న: నేను కడప జిల్లా వాడిని. కువైట్‌లో 11 ఏళ్లు డ్రైవరుగా పనిచేశాను. ఇప్పుడు ఫెయిర్‌ఫీల్డ్ దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నాను. నాకు అరబిక్ వచ్చు కనుక శరణార్థులకు దుబాసీగా ఉచితంగా సాయపడవచ్చా?
— ఒక పాఠకుడు

జవాబు: అయ్యా, మీ మనసు గొప్పది, కాని ఆసుపత్రిలోను, వీసా కార్యాలయంలోను దుబాసీ పనికి పూనుకోకండి. కఫీల్ (గల్ఫ్ యజమాని) ఇంట నేర్చిన అరబిక్ పనికీ బజారుకూ సరిపోతుంది. ఒక తల్లి తన బిడ్డ ఎలా పోయాడో చెబుతున్నప్పుడు అది చాలదు. ఆ పనికి ఇక్కడ ‘నాటీ’ అనే సంస్థ పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. పైగా మీ ఫెయిర్‌ఫీల్డ్‌లోని ఇరాకీయుల్లో చాలామంది అస్సిరియన్లు, కల్దీయులు, వారి ఇంటి భాష అరబిక్ కాదు, అరమాయిక్ కుటుంబానికి చెందినది. కొందరికి అరబిక్ తాము పారిపోయి వచ్చిన పాలన భాష కూడా కాబట్టి, ముందు ‘ఏ భాషలో మాట్లాడమంటారు?’ అని అడగాలి.

అయినా మీ దగ్గర వారికి పనికొచ్చేది ఒకటుంది. పరాయి దేశంలో ఏళ్ల తరబడి ఇంటికి డబ్బు పంపుతూ, పిల్లల పెళ్లిళ్లు ఫోన్‌లో చూసిన అనుభవం ‘ఘుర్బా’ కాక మరేమిటి? మీ పేటలోని పునరావాస సంస్థ ఏదైనా మిమ్మల్ని వలంటీరుగా తీసుకోవచ్చు. పోలీసు ధ్రువీకరణ, పిల్లలతో పనిచేసే అనుమతి పత్రం అడుగుతారు, అవి చేయించుకోండి. వృద్ధులను తరగతులకు కారులో దించడం, లైసెన్సు పరీక్షకు తయారవుతున్నవారి పక్కన కూర్చోవడం వంటి పనులకు మనుషులు ఎప్పుడూ కావాలి.