పచ్చదీపం ఎవరి మాట చెబుతోంది?

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు. ఉప్పుడు బియ్యం ఆడే మిర్యాలగూడ బాయిల్డ్ మిల్లులో పాత పుష్‌బటన్ ప్యానెల్ పీకేసి పీఎల్‌సీ (మిషన్లను నడిపే చిన్న కంప్యూటర్), టచ్‌స్క్రీన్ పెట్టే పని నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊళ్లో ఇంకెంతమందికి చెప్పిందో నాకు తెలీదు. గర్వంగానే ఉంది తల్లీ. కాకపోతే వడ్లు పైకెత్తే బకెట్ ఎలివేటర్లు, ఊక బాయిలర్, నానబెట్టే ట్యాంకులు, డ్రయ్యర్ అన్నీ ఒక్క 10 అంగుళాల తెర మీదికి వస్తున్నాయంటే కొంచెం గుబులుగానూ ఉంది.

మామూలు సంగతులు త్వరగా చెప్పేస్తా. తెరకిచ్చే 24 వోల్టుల సప్లైని సోలినాయిడ్ల (వాల్వులు కదిపే కరెంటు చుట్టలు) సప్లైతో కలపకు. ఐపీ65 (దుమ్ము, నీళ్లు చొరబడవనే రేటింగ్) అనేది తెర ముందు భాగానికే. గ్యాస్కెట్ సరిగా కూర్చోకపోతే తవుడు దుమ్ము వెనకనుంచి దూరుతుంది. పడమటి ఎండ పడని చోట, కంటి ఎత్తున బిగించు. గ్లౌజులతో తాకాలంటే నొక్కుడుకి పనిచేసే రెసిస్టివ్ టచ్ తీసుకో. బటన్లు 20 మిల్లీమీటర్లకి తగ్గొద్దు.

ఓనరు "ఇంత డబ్బు దేనికమ్మా" అంటాడు. తిరిగే ఫ్యాను బొమ్మలు చూపించి మురిపించకు, ట్యాంకు నీళ్ల వేడి గ్రాఫ్ చూపించు. వడ్లు 65 నుంచి 70 డిగ్రీల మధ్య నానాలి. రాత్రి ఎవరో ఆవిరి ఎక్కువ వదిలి 75 దాటించారనుకో, పొట్టు పగిలి గింజ రంగు తిరుగుతుంది. ఆ సంగతి ఇప్పుడు పొద్దున్న బియ్యం చూశాకే తెలుస్తోంది. గ్రాఫ్ ఉంటే ఏ గంటకు దాటిందో కనిపిస్తుంది. పాత ప్యానెల్‌లో ఏ మోటారు ట్రిప్ అయినా (లోడెక్కి ఆగిపోయినా) వెలిగేది ఒకే ఎర్రదీపం. ఏ మోటారో తెలియాలంటే ఎలక్ట్రీషియన్ ఒక్కో ఓవర్‌లోడ్ రిలే తడుముకుంటూ పోవాలి. తెర మీద "3వ ఎలివేటర్ ఓవర్‌లోడ్, రాత్రి 2:14" అని పడితే వాడు నేరుగా అక్కడికే వెళ్తాడు. పెట్టిన డబ్బు తిరిగొచ్చేది ఇక్కడే.

ఇక అసలు సంగతి. ఇది చదివేటప్పుడు ఫోను పక్కన పెట్టు.

1979 మార్చి 28 తెల్లవారుజామున 4 గంటలకు అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రం రెండో యూనిట్‌లో ఫీడ్‌వాటర్ పంపులు ఆగిపోయాయి. రియాక్టర్‌లో ప్రెజర్ పెరిగి రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంది. అంతవరకూ సరిగ్గానే జరిగింది. ప్రెజర్ దిగాక మూసుకోమని సిగ్నల్ వెళ్లింది, సోలినాయిడ్‌కి కరెంటు ఆగింది, ప్యానెల్ మీద దీపం ఆరింది. ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. అది మూసుకోలేదు, తెరిచే ఉండిపోయింది. ఎందుకంటే ఆ దీపం వైరు వాల్వ్ నుంచి రాలేదు, సోలినాయిడ్ కరెంటు నుంచి వచ్చింది. "మూసుకోమని చెప్పాం" అన్నదే ఆ దీపానికి తెలుసు, మూసుకుందో లేదో తెలీదు. సుమారు 2 గంటల 20 నిమిషాలు చల్లబరిచే నీళ్లు ఆ వాల్వ్ గుండా పోతూనే ఉన్నాయి. ఇంకో మీటర్ నీళ్లు నిండుగా ఉన్నట్టు చూపించడంతో, వాళ్లు ఎమర్జెన్సీ పంపుల నీళ్లు కూడా తగ్గించారు. ఇంధనంలో కొంత భాగం కరిగిపోయింది. పోయిన నీళ్లు చేరే ట్యాంకు ప్రెజర్ మీటర్ ఉంది, కానీ ప్యానెల్ వెనకవైపు ఉంది. మొదటి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు మోగాయి. ఏది ముందు చూడాలో తేల్చుకోవడానికే వాళ్లకు వ్యవధి లేకపోయింది.

ఆ ఆపరేటర్లను తెలివితక్కువవాళ్లని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. దీపం చెప్పింది వాళ్లు నమ్మారు. నమ్మడానికే కదా దీపం పెట్టేది!

మన మిల్లులో అణువులు లేవు, నిజమే. నానబెట్టే ట్యాంకు కింద స్లైడ్ గేటుందా? నువ్వు పీఎల్‌సీ ఔట్‌పుట్ బిట్‌నే (గేటుకి వెళ్లే ఆజ్ఞనే) తెర మీద గేటు రంగుకి కట్టావంటే త్రీ మైల్ ఐలండ్ దీపం మళ్లీ పెట్టినట్టే. కంప్రెసర్ గాలి తగ్గి గేటు సగంలో ఆగితే తెర "మూసుకుంది" అనే అంటుంది. ఆగి ఉన్న ఎలివేటర్ బూట్‌లోకి (అడుగు పెట్టెలోకి) తడి వడ్లు దిగుతూనే ఉంటాయి. తర్వాత స్టార్ట్ చేస్తే బెల్టు కదలదు, మోటారు ట్రిప్ అవుతుంది, హమాలీలు బూట్‌లోంచి వడ్లు చేత్తో తోడాలి. అందుకే గేటును కదిపే గాలి సిలిండర్ రెండు చివర్లా, అక్కడికి చేరిందని చెప్పే రీడ్ స్విచ్‌లు పెట్టు. తెర మీద మూడు స్థితులుండాలి: తెరుచుకుంది, మూసుకుంది, మధ్యలో ఉంది. చెప్పాక 5 సెకన్లలో చేరాల్సిన చివరికి చేరకపోతే ఫాల్ట్.

ఎలివేటర్‌కీ ఇదే లెక్క, ఇంకో మెలిక ఉంది. మోటారుకి కరెంటిచ్చే కాంటాక్టర్ ఆక్స్ కాంటాక్ట్ (అది పడిందని చెప్పే చిన్న స్విచ్) నుంచి పచ్చరంగు తీస్తే, కాంటాక్టర్ పడిందని తెలుస్తుంది తప్ప బెల్టు తిరుగుతోందని కాదు. స్పీడ్ సెన్సర్ పెడతారు, సంతోషం. కానీ అందుబాటుగా ఉందని పైన హెడ్ పుల్లీ మీద పెడతారు. బెల్టు జారినప్పుడు హెడ్ పుల్లీ హాయిగా తిరుగుతూనే ఉంటుంది, రబ్బరు రాపిడికి కాలే వాసన వచ్చేదాకా. సెన్సర్ కింద టెయిల్ పుల్లీ షాఫ్ట్ మీద ఉండాలి. షాఫ్ట్‌కి చిన్న ఇనుప పలక, ఎదురుగా ఎం18 ప్రాక్సిమిటీ సెన్సర్ (ఇనుము దగ్గరికొస్తే పసిగట్టేది), మధ్య 4 లేదా 5 మిల్లీమీటర్ల ఎడం. స్టార్ట్ అయిన కొన్ని సెకన్ల తర్వాత లెక్క మొదలుపెట్టి, వేగం 80 శాతం కిందికి దిగితే మోటారు ఆపేయి, దానికి వడ్లు పోసేవన్నీ ఆపేయి. బూట్ దగ్గర ఊకా దుమ్మూ ఎక్కువ. వారానికోసారి సెన్సర్ ముఖం తుడవమని షిఫ్ట్ కాగితంలో రాయి.

టెంపరేచర్ సెన్సర్ వైరు తెగితే తెర మీద "0" పడకూడదు, "వైరు తెగింది" అని పడాలి. 4-20 మిల్లీయాంప్‌ల సెన్సర్ సిగ్నల్ వాడేది అందుకే: అత్యల్ప వేడికీ 4 ఉంటుంది, 4 కన్నా బాగా కిందికి దిగిందంటే వేడి తగ్గినట్టు కాదు, వైరు పోయినట్టు. పీఎల్‌సీతో తెర కేబుల్ ఊడితే కొన్ని తెరలు పాత అంకెలే చూపిస్తూ కూర్చుంటాయి. సెకనుకోసారి మారే చిన్న చుక్క ఒక మూలన పెట్టు, అది ఆగితే ఆపరేటరుకి తెలుస్తుంది.

నిద్ర పట్టనివ్వంది మాత్రం ఇంకొకటి. తెర ముందు కూర్చున్నవాడికి మిషన్ కనపడదు. పాత ప్యానెల్ మిషన్ పక్కనే ఉండేది. బటన్ నొక్కేవాడు ముందు తల తిప్పి "ఓయ్, పక్కకి!" అని అరిచేవాడు. ఇప్పుడు ఏసీ గదిలో కూర్చుని వేలు ఆనిస్తాడు, అటు ఫిట్టర్ చెయ్యి బకెట్ల మధ్య ఉంటుంది. ప్రతి మోటారు దగ్గరా తాళం వేసే ఐసొలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) లేకుండా తెర నుంచి స్టార్ట్ ఇవ్వకు. స్టార్ట్ ముందు 10 సెకన్లు సైరన్ మోగాలి. ఎమర్జెన్సీ స్టాప్ వైరింగ్‌తోనే ఉండాలి, తెర మీద ఎర్ర బొమ్మ గీసి సరిపెట్టుకోకు. జాగ్ బటన్ (నొక్కినంతసేపే మోటారు తిప్పేది) కూడా తెర మీద వద్దు: వేలు ఆనించి ఉండగా కేబుల్ ఊడితే, వేలు తీసినా పీఎల్‌సీలో ఆ బిట్ ఒకటిగానే మిగలొచ్చు. ఓనరు ఖర్చంటాడు. వినకు. ఈ ఒక్కచోట నీ మొండితనం వాడు, చిన్నప్పటి నుంచీ నీకది ఎక్కువే కదా.

అలారాలు తక్కువ పెట్టు. సగటున పది నిమిషాలకి ఒకటి దాటితే మనిషి వాటిని వినడం మానేస్తాడు. నేపథ్యం బూడిద రంగు, ఎరుపు ఆపదకే. మాటలు తెలుగులో పెట్టు, బిహార్ కుర్రాళ్లుంటే హిందీ కూడా. కొన్ని తెరల్లో తెలుగు వత్తులు విడిపోయి పడతాయి, అప్పుడు మాటను బొమ్మగా చేసి పెట్టు. సెట్‌పాయింట్ (ఉండాల్సిన వేడి లాంటి అంకె) హద్దులు తెరలోనే కాదు, పీఎల్‌సీలోనూ పెట్టు. 68 కొట్టబోయి 680 కొట్టేవాడు తప్పక ఉంటాడు. అసలు ప్రాజెక్టు ఫైలు రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి ఒకటి ఓనరుకివ్వు, తెరలోంచి దాన్ని మళ్లీ తీయడం చాలాసార్లు కుదరదు.

వేళకి తిను. ట్యాంకుల మీద ఎక్కితే సేఫ్టీ బెల్టు కట్టుకో, మీ అమ్మకి నేను జవాబు చెప్పలేను. స్క్రీన్లు గీయడం అయ్యాక అన్నీ ఒకేసారి పంపకు. ముందు ఆ గేటు పేజీ పంపు, దాని ట్యాగ్ లిస్టుతో (ఏ పేరు ఏ సిగ్నల్‌దో చెప్పే పట్టీతో) సహా.

మీ మావయ్య