బ్యారన్ ఆరిపోయి ఉన్నా రీడింగ్ పెరగడం గురించి

అన్నా, కొండపిలో పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) మండించని రోజుల్లోనూ తెల్లవారుజామున, గాలిలోని వాయువుల్ని పసిగట్టే ఎంక్యూ-135 సెన్సర్ రీడింగ్ పైకి లేస్తోందన్నారు. బోర్డు పాడయిందని అనుకోకండి, ముందు తేమని అనుమానించండి. ఈ సెన్సర్‌లోని టిన్ ఆక్సైడ్ పొర తేమకీ, ఉష్ణోగ్రతకీ కూడా స్పందిస్తుంది. చలికాలంలో మన పొలాల్లో మంచు ఎలా దిగుతుందో మీకు తెలుసు కదా. పక్కనే తేమనీ, ఉష్ణోగ్రతనీ కొలిచే డీహెచ్‌టీ-22 పెట్టి, ఎంక్యూ-135 రీడింగునీ తేమ రీడింగునీ ఒకే గ్రాఫులో గీయండి. పొయ్యి ఆరి ఉన్నప్పుడు రెండూ కలిసి లేస్తే కారణం చాలావరకు తేమే.

అసలు ఎంక్యూ-135 అమోనియాకీ, ఆల్కహాల్‌కీ, పొగకీ అన్నిటికీ కదులుతుంది, ఏది ఎంతో విడదీయలేదు. బోర్డులో 0 నుంచి 1023 దాకా వచ్చే ఆ అంకె పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి ఎన్ని వంతులన్న లెక్క) కూడా కాదు. పుల్లలు సరిగా మండక వచ్చే కార్బన్ మోనాక్సైడ్ కోసమైతే ఎంక్యూ-7 వాడండి. దాని హీటర్‌కి 60 సెకన్లు 5 వోల్టులు, తర్వాత 90 సెకన్లు 1.4 వోల్టులు ఇవ్వాలి. ఆ తక్కువ వోల్టేజీ చివర్లో వచ్చిన రీడింగే తీసుకోవాలి. చాలామంది ఈ మార్పిడి వదిలేసి సెన్సర్‌ని తిడతారు. కొత్తదాన్ని 48 గంటలు కరెంటు మీద ఉంచాకే లెక్క మొదలుపెట్టండి. డబ్బు కుదిరితే రసాయన చర్యతో వాయువుని కొలిచే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఇంకా మేలు.

సెన్సర్‌ని పొగ గొట్టం మూతి దగ్గర మాత్రం పెట్టకండి, వేడికీ మసికీ పాడవుతుంది. ఒకటి గాలి వచ్చే వైపు, ఒకటి గాలి పోయే వైపు పెట్టి తేడా చూడండి.

రాత్రి పొయ్యి దగ్గర పడుకునే కూలీల రక్షణకి దయచేసి ఈ సెన్సర్లని నమ్ముకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి రంగూ వాసనా ఉండవు. వాళ్ల కోసం బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొనండి, పడకలు గాలి ఆడే చోటికి ఇవాళే మార్పించండి.