‘దేవుడే చూసుకుంటాడు’ – శాపమా, నమ్మకమా?

సందేహం: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగరం. దాయాదులు మా పొలం గట్టు జరిపి కొంత భూమి కలుపుకున్నారు. ఆ మాట వచ్చినప్పుడల్లా మా అత్తగారు “దేవుడున్నాడు, ఆడే సూసుకుంతాడు” అని ఊరుకుంటారు. ‘చూసుకొను’ అంటే తన్ను తాను చూసుకోవడమని, ‘చూస్తాడు’ అనడమే సరి అని మా మరిది వాదిస్తాడు. అది శాపమేనని పొరుగింటావిడ అంటుంది, కానీ మా అత్తగారు ఎవరినీ శపించే మనిషి కాదు. ఒడియా బడిలో చదువుతున్న మా అబ్బాయి ‘దేవుడున్నారు’ అంటాడు. ఎవరి మాట సరి?

సమాధానం: ముందుగా మీ అత్తగారి మాటలో దిద్దవలసింది ఏమీ లేదని చెప్పాలి. ‘ఆడు’, ‘సూసుకుంతాడు’ అనేవి శ్రీకాకుళం నుంచి పర్లాకిమిడి దాకా ఇంటింటా వినిపించే రూపాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది గాని, మాట మాత్రం ఆ సరిహద్దు గీతకు రెండు వైపులా ఒకటిగానే నిలిచింది. జనం నోట బతికే తెలుగుకు గ్రంథంలో చోటు ఉండాలని గిడుగు రామమూర్తి వాదించింది ఆ పర్లాకిమిడిలో ఉన్న కాలంలోనే గనుక, ఆ నేల మీది మాటను తక్కువచేసి చూడడం మనకు తగదు.

మీ మరిది చెప్పినదానిలో సగం నిజం ఉంది. క్రియకు ‘కొను’ చేరినప్పుడు ఆ పని ఫలం కర్తకు చెందుతుందని వ్యాకర్తలు చెబుతారు. ‘వండింది’ అంటే ఎవరికోసమైనా కావచ్చు, ‘వండుకుంది’ అంటే తనకోసమే. అయితే ‘కొను’ పని అక్కడితో ఆగదు. “కొట్టు తమ్ముడు చూసుకుంటున్నాడు”, “పిల్లలను అమ్మమ్మ చూసుకుంటుంది” అన్నప్పుడు ఎవరూ తమను తాము చూసుకోవడం లేదు, ఆ పనిని తమదిగా మీద వేసుకుంటున్నారు. ‘దేవుడు చూస్తాడు’ అంటే ఆయన కంటికి కనబడుతుంది అని మాత్రమే. ‘దేవుడు చూసుకుంటాడు’ అంటే ఈ వ్యవహారం ఇక ఆయనది అని. మీ అత్తగారు చెప్పదలచింది రెండోది గనుక ఆవిడ వాడిన క్రియే సరైనది, మీ మరిది దిద్దితే ఆ నమ్మకంలో సగం జారిపోతుంది.

ఈ క్రియకు కర్మగా దేన్ని చేరుస్తామన్న దాన్ని బట్టి కూడా అర్థం మారుతుంది. “నన్ను దేవుడే చూసుకుంటాడు” అంటే పోషణ, రక్షణ. “వాడి సంగతి దేవుడు చూసుకుంటాడు” అంటే దండన, ఎందుకంటే మన తెలుగులో ‘నీ సంగతి చూస్తాను’ అనేది బెదిరింపు. మీ అత్తగారు ఈ రెండింటిలో ఏదీ చేర్చలేదు. పోయిన గట్టునా, జరిపిన మనిషినా, నష్టపడిన తమనా, దేవుడు దేన్ని చూసుకోవాలో ఆవిడ చెప్పలేదు. నా దృష్టిలో ఆ మాటలోని మర్యాద అంతా ఈ చెప్పకపోవడంలోనే ఉంది: పనిని అప్పగించిన మనిషి, తీర్పు ఏమిటో కూడా తానే రాసి ఇవ్వడం లేదు.

ఇది శాపం కాదనడానికి క్రియారూపమే సాక్ష్యం. తెలుగులో శాపానికి వేరే నిర్మాణం ఉంది. “నీ ఇల్లు పాడుగాను”, “నీ చేతులు విరిగిపోను”, “నీ నోట్లో మన్ను పడ” అనేవి కోరికను తెలిపే రూపాలు. “నీ నోట్లో పంచదార పొయ్య” అనే దీవెన కూడా అదే అచ్చులో ఉంటుంది, శాపమూ దీవెనా రెండూ అడగడమే కదా! ‘చూసుకుంటాడు’ అనేది అడగడం కాదు. తూర్పున పొద్దు పొడుస్తుంది, కార్తెకు వాన పడుతుంది అన్నట్టుగా, జరిగే సంగతిని జరుగుతుందని చెప్పడం. పళ్లు కొరుకుతూ అంటే ఏ మాటైనా శాపమవుతుంది, అది గొంతు తెచ్చే మార్పే గాని వాక్యానిది కాదు.

‘ఆడే’ అన్నచోట ఉన్న ఏకారం తీసివేయరానిది. దేవుడే, అంటే నేను కాదు. పగ తీర్చుకునే చేతిని ఆవిడ వెనక్కి తీసుకుంటున్నారు. తహసీల్దారుకు అర్జీ పెట్టుకుని గట్టు కొలిపించుకోవడాన్ని ఆ ఏకారం అడ్డుకోదు, ఎందుకంటే న్యాయం అడగడం వేరు, పగ సాధించడం వేరు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పక తప్పదు. ఇదే మాట అన్యాయానికి గురైనవారి నోట నమ్మకం, ఆపగలిగి ఉండీ ఆపనివారి నోట తప్పించుకోవడం. రచ్చబండ మీది పెద్దమనిషి “దేవుడున్నాడులే, ఊరుకో అమ్మా” అన్నప్పుడు ఆ ‘లే’ చేరగానే ఓదార్పు పోయి, చేతులు దులుపుకోవడం వచ్చి చేరుతుంది. తిక్కన 13వ శతాబ్దిలోనే ఈ భేదాన్ని పట్టుకున్నాడు. ఉద్యోగపర్వంలో రాయబారిగా వచ్చిన కృష్ణుడు కౌరవసభలో, ధర్మమూ సత్యమూ పాపంచేత, అబద్ధంచేత చెడిపోతూ ఉంటే “దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని ధర్మనిస్తారకమయ్యు సత్యశుభదాయకమయ్యును దైవముండెడున్” అంటాడు. ‘దైవముండెడున్’ అంటే దైవం ఉంటుంది, ధర్మాన్ని గట్టెక్కిస్తుంది అని. మీ అత్తగారి ‘దేవుడున్నాడు’ దీనికి ఏమీ దూరం కాదు. కానీ కృష్ణుడు ఆ మాట చెబుతున్నది భీష్మద్రోణులు కూర్చున్న సభలో, శక్తి ఉండీ ఉపేక్షిస్తే చేటు తమదేనని హెచ్చరిస్తూ. దైవం ఉందన్న నమ్మకం చూస్తూ కూర్చున్న సమర్థుడికి విడుదల పత్రం కాదు. మీ ఊరి పెద్దలు ఈ పద్యం ఒక్కసారి చదివితే బాగుండును.

ఇక మీ అబ్బాయి మాట. ఒడియాలో ‘భగబాన అఛంతి’ అని దేవుడికి గౌరవరూపం వాడతారు, బడిలో విన్న ఆ మర్యాదనే అతడు తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తల్లిదండ్రులను ‘మీరు’ అనేవారు కూడా దేవుణ్ణి ‘నువ్వు’ అనే పిలుస్తారు. రాముడు వచ్చాడు, కృష్ణుడు అన్నాడు అంటాం గాని బహువచనం వాడం. ‘వారు’ చేరిన పేర్లకు మాత్రం అది తప్పనిసరి: అమ్మవారు ఉన్నారు, స్వామివారు వేంచేశారు. కాబట్టి మీ అబ్బాయిని ‘దేవుడున్నాడు’ అనమనండి, మర్యాదగానే పలకాలని అతనికి అనిపిస్తే ‘స్వామివారు ఉన్నారు’ అనవచ్చు.