పాట ప్రాణం నిలిపిందా?

ప్రశ్న: కెనడా జానపద గాయకుడు స్టాన్ రోజర్స్ పాట ఒక నావికుణ్ణి సముద్రంలో చావు నుంచి తప్పించిందని విన్నాను. నిజమేనా? ఆయన చిన్న వయసులోనే ఎలా మరణించారు?

జవాబు: ఆ సంఘటన నిజమే. 1983 ఫిబ్రవరి 12న ‘మెరైన్ ఎలక్ట్రిక్’ అనే అమెరికా బొగ్గు ఓడ వర్జీనియా తీరానికి ఆవల తుపానులో మునిగినప్పుడు, 34 మంది సిబ్బందిలో ముగ్గురే బతికారు. వారిలో ఒకరైన రాబర్ట్ క్యూసిక్, నీళ్లు నిండిన లైఫ్‌బోటులో, కొయ్యబారే చలిలో, రోజర్స్ రాసిన ‘మేరీ ఎలెన్ కార్టర్’ పల్లవిని పదేపదే పాడుకుంటూ ధైర్యం నిలుపుకున్నానని తరువాత చెప్పారు. యజమానులు వదిలేసిన మునిగిన ఓడను, అందులో పనిచేసినవారే పట్టుబట్టి పైకి తేబూనడం ఆ పాటలోని కథ. క్యూసిక్‌ను నీళ్లలోంచి తీసింది రక్షణ సిబ్బందే అయినా, వారు వచ్చేదాకా పట్టు సడలనివ్వనిది ఆ పాటేనంటే కాదనలేము.

రోజర్స్ 1949లో ఒంటారియో రాష్ట్రంలోని హామిల్టన్‌లో పుట్టారు. తల్లిదండ్రులది తూర్పు తీరంలోని నోవా స్కోషియా కావడంతో బాల్యంలో వేసవులు అక్కడ గడిచాయి; జాలరుల బతుకు ఆయన పాటల్లోకి అలా వచ్చింది. తరువాత మైదానాల రైతులనూ, సరస్సుల్లో ఓడలు నడిపేవారినీ పాడారు. గంభీరమైన మంద్రస్వరం ఆయనది. 18వ శతాబ్దపు సముద్రపు దోపిడీ గురించి ఆయన 1976లో రాసిన ‘బ్యారెట్స్ ప్రైవటీర్స్’ను చాలామంది తరతరాల నాటి పాటగా పొరబడతారు. జానపద బాణీలో రాసే కవికి ఇంతకు మించిన మెప్పు ఉంటుందనుకోను.

ఓడ మునిగిన నాలుగు నెలలైనా గడవకముందే, 1983 జూన్ 2న, టెక్సస్‌లోని కెర్‌విల్ జానపద సంగీతోత్సవం నుంచి తిరిగి వస్తూ ఆయన ఎక్కిన ఎయిర్ కెనడా 797 విమానం వెనుకవైపు మరుగుదొడ్డిలో నిప్పు అంటుకుంది. పైలట్లు సిన్సినాటి విమానాశ్రయంలో అత్యవసరంగా దించగలిగారు. కానీ తలుపులు తెరుచుకున్న నిమిషం, నిమిషంన్నరలోనే లోపలంతా మంటలు వ్యాపించాయి. 46 మందిలో 23 మంది చనిపోయారు. రోజర్స్‌కు అప్పుడు 33 ఏళ్లు. నిప్పు ఎలా పుట్టిందో దర్యాప్తులో తేలలేదు. మరుగుదొడ్లలో పొగను పసిగట్టే పరికరాలు, పొగలో దారి చూపేందుకు నేలమట్టంలో దీపాలు తప్పనిసరి కావడానికి ఈ ప్రమాదమే ప్రధాన కారణం.

సరస్సుల ప్రాంతపు మనుషులపై ఆయన పాడిన పాటల సంపుటి ‘ఫ్రమ్ ఫ్రెష్ వాటర్’ మరుసటి ఏడాది, 1984లో వెలువడింది. ‘మేరీ ఎలెన్ కార్టర్’ తరువాత మీరు వినవలసింది అదే.