అట్ట చూసి కొనకు, అంచు చదివి కొను

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఎల్పీని రకరకాల ప్రెస్సింగుల్లో, అంటే వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో నొక్కిన ప్రతుల్లో పోగుచేయాలని ఉందన్నావు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నావు. బర్మింగ్‌హామ్‌లో ఉన్నావు కాబట్టి సగం పని తేలిక. రికార్డుల సంతల్లో చేత్తో పట్టుకుని, వెలుతురులో తిప్పి చూసి కొనే వీలు అక్కడ ఉంది. ఒక్క మాట మాత్రం గట్టిగా పెట్టుకో: అట్ట చూసి కొనకు. ఆ ప్రిజం బొమ్మ 1973 నుంచి ఇవాళ్టిదాకా దాదాపు అదే. తేడా అంతా రికార్డు మీదే ఉంటుంది.

పాట అయిపోయాక ముల్లు తిరిగే నున్నటి పట్టీ ఉంటుంది చూడు, లేబుల్ చుట్టూ, దాన్ని రనౌట్ అంటారు. ఫోన్ టార్చ్‌ను నేరుగా వేయకుండా పక్కనుంచి, బాగా ఏటవాలుగా వేసి చూడు. నల్లటి నేలమీద సన్నటి గీతల్లో అంకెలు, అక్షరాలు పైకి తేలతాయి. ఇంగ్లండ్‌లో ఈఎమ్ఐ రికార్డు కంపెనీ వాళ్లు నొక్కిన మొదటి ప్రతిలో సాధారణంగా 'ఎస్‌హెచ్‌విఎల్ 804 ఎ-2' అని ఒకవైపు, 'బి-2' అని రెండోవైపు ఉంటుంది. ఆ చివరి అంకె కటింగ్‌ది. మాస్టర్ టేపు నుంచి లాకర్ పళ్లెం మీద గాడి కోసిన ప్రతిసారీ అంకె మారుతుంది. కోత మారితే బాస్ మారుతుంది, శబ్దం పెద్దదీ చిన్నదీ అవుతుంది. నువ్వు పోగుచేయాల్సింది ఈ కోతల్ని.

ఆ రనౌట్ నంబరును మ్యాట్రిక్స్ నంబరు అంటారు. అది కిందికి, అంటే గడియారంలో ఆరు దగ్గరికి వచ్చేలా రికార్డు పట్టుకో. తొమ్మిది దగ్గర ఒక అంకె ఉంటుంది, అది తల్లి ప్లేటు నంబరు. మూడు దగ్గర ఒకటో రెండో మూడో అక్షరాలు ఉంటాయి, అవి స్టాంపర్, అంటే రికార్డును నొక్కే అచ్చు నంబరు. అక్షరాలను అంకెలుగా ఇలా చదవాలి: జి అంటే 1, ఆర్ 2, ఎ 3, ఎమ్ 4, ఓ 5, పి 6, హెచ్ 7, ఎల్ 8, టి 9, డి 0. వరసగా పలికితే గ్రామోఫోన్ లిమిటెడ్ అన్న మాట వస్తుంది, గుర్తుంచుకోవడం తేలిక. 'ఆర్ఎ' కనిపిస్తే 23వ స్టాంపర్. లాకర్ నుంచి తండ్రి ప్లేటు, దాన్నుంచి తల్లి, తల్లి నుంచి స్టాంపర్, స్టాంపర్ నుంచి రికార్డు. అంకెలు ఎంత చిన్నవైతే ఆ ప్రతి అంత ముందు వరసది. అయితే ఒక హెచ్చరిక: చిన్న అంకె ఉన్నంత మాత్రాన ఆ ప్రతి బాగా మోగుతుందని కాదు, అరిగిపోయిన 'జి' కన్నా శుభ్రంగా ఉన్న 'ఆర్ఎ' వెయ్యి రెట్లు నయం.

తరువాత లేబుల్. మొదటి ప్రతుల నల్ల లేబుల్ మీద త్రికోణం లేత నీలంతో నిండుగా ఉంటుంది. తరువాతి వాటిలో త్రికోణం గీత మాత్రమే, లోపల ఖాళీ. లోపల రెండు పోస్టర్లు, రెండు స్టిక్కర్లు ఉండాలి: ఒక పోస్టర్ బ్యాండ్ సభ్యులది, ఒకటి పిరమిడ్లది. ఇక్కడే మోసపోతారు. తరువాతి ప్రతి పోస్టర్లు తెచ్చి మొదటి ప్రతిలో పెట్టి పూర్తి సెట్టు అంటారు, పాత అట్టలో కొత్త రికార్డు పెట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. లేబుల్, రనౌట్, అట్ట, కాగితాలు నాలుగూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాలి.

ఇక అరుగుదల. లేబుల్ మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు చూడు. చీకట్లో రంధ్రం వెతుక్కుంటూ రికార్డును స్పిండిల్ మీద తడిమినప్పుడు పడేవి అవి. అవి ఎక్కువుంటే రికార్డు పైపైకి మెరుస్తున్నా చాలాసార్లు తిరిగిందని లెక్క. వినే వీలుంటే మొదటి వైపు చివరి పాట, 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పెట్టించు. అందులో పాడిన క్లేర్ టోరీ గొంతు పతాకస్థాయికి చేరే చోటు రికార్డు లోపలి అంచుకు దగ్గర. రికార్డు నిమిషానికి 33 చుట్లే తిరుగుతుంది కానీ బయటి అంచున గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు జరిగితే, లోపలి అంచున 21 సెంటీమీటర్లే. అంటే అదే శబ్దం సగం కన్నా తక్కువ చోటులో ఇరికి ఉంటుంది. బరువైన ముల్లుతో, అరిగిన ముల్లుతో వాయించిన రికార్డు ముందు దెబ్బతినేది అక్కడే. ఆమె గొంతు పైకెళ్లినప్పుడు చిరుగుతున్నట్టు, ఇసుక రాలినట్టు వినిపిస్తే ఆ ప్రతి వదిలెయ్యి. కడిగితే మురికి పోతుంది, అరుగుదల పోదు. నిశ్శబ్దం పరీక్షకు మొదటి వైపు ఆరంభంలోని గుండె చప్పుడు వినిపించుకో, చిటపటలు ముందు బయటపడేది అక్కడే.

అమ్మేవాళ్లు రాసే గ్రేడ్ల విషయంలో జాగ్రత్త. ఇంగ్లండ్ వాళ్లు 'ఎక్సలెంట్' అంటారు, అమెరికా వాళ్ల కొలతలో అది దాదాపు 'వెరీ గుడ్ ప్లస్'. కంటితో చూసి ఇచ్చిన గ్రేడా, వాయించి ఇచ్చిన గ్రేడా అని తప్పకుండా అడుగు.

ఏవి కొనాలి? నిండు త్రికోణం వెంట ముందే పడకు. 1970ల మధ్యలో వచ్చిన శుభ్రమైన ఇంగ్లండ్ ప్రతి ఒకటి ముందు తీసుకో, చౌకగా దొరుకుతుంది. దాన్ని కొలబద్దగా పెట్టుకుంటే మిగతావన్నీ దానితో పోల్చుకోవచ్చు. తరువాత జపాన్ ప్రతి. తోషిబా ఈఎమ్ఐ వాళ్ల తొలి ప్రతి నంబరు ఈఓపీ 80778, 1978లో వచ్చిన ప్రో-యూజ్ సిరీస్ ప్రతి ఈఎమ్ఎల్ఎఫ్ 97002. జపాన్ వినైల్‌లో నేపథ్య చప్పుడు చాలా తక్కువ. పక్కన చుట్టి ఉండే ఓబీ కాగితం లేకపోతే ధర బాగా తగ్గుతుంది, వినడానికే అయితే అది లేనిదే కొనుక్కో. అమెరికా ప్రతి ఎస్ఎమ్ఏఎస్ 11163, రనౌట్‌లో నక్షత్రం ఉంటే లాస్ ఏంజెలెస్ ఫ్యాక్టరీది, సున్నా ఉంటే జాక్సన్‌విల్, త్రికోణానికి గీత తగిలించి తుపాకీలా ఉంటే వించెస్టర్. 1979లో మొబైల్ ఫిడెలిటీ తెచ్చిన 1-017 సగం వేగంతో కోసినది, జపాన్‌లో నొక్కింది. దాని బాస్, ట్రెబుల్ రెండూ కాస్త ఎత్తి ఉంటాయి, మొదట ఆహా అనిపిస్తుంది, అసలు ఇంగ్లండ్ కోతకు అలవాటుపడిన చెవికి అది అలంకారంగా తోస్తుంది. 2003లో 30 ఏళ్లకు వచ్చిన ప్రతిని డగ్ సాక్స్, కెవిన్ గ్రే కోశారు, కొత్తవాటిలో నా ఓటు దానికే. 180 గ్రాములు అని అట్టమీద రాసి ఉంటే మురిసిపోకు, బరువు వంకర పోకుండా కాస్త కాపాడుతుంది, కోత బాగుంటేనే పాట బాగుంటుంది. 'క్యూ4' అని మొదలయ్యే నంబరు ఉంటే అది క్వాడ్రఫోనిక్, అంటే నాలుగు స్పీకర్ల కోసం చేసిన ప్రతి, ఈ ఆల్బమ్ సౌండ్ ఇంజనీర్ అలన్ పార్సన్స్ చేసిన వేరే మిక్స్. మామూలు స్టీరియోలో పెట్టినా మోగుతుంది, నాలుగు దిక్కులా వినాలంటే ఎస్‌క్యూ డీకోడర్ కావాలి.

కలకత్తా దగ్గర దమ్‌దమ్‌లో గ్రామోఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా నొక్కిన ప్రతి కంటపడితే దాన్నీ వదలకు. ఉపరితలం చప్పుడు ఎక్కువగా ఉండొచ్చు, అయినా మనవైపు ఈ పాటలు విన్నవాళ్ల చేతుల మీదుగా నడిచిన రికార్డు కదా.

రెండు ప్రతులు పోల్చేటప్పుడు వాల్యూమ్ సరిచూసుకో. కాస్త పెద్దగా మోగేది ఎప్పుడూ మంచిదిగానే అనిపిస్తుంది. రెండూ ముందే కడిగి ఉండాలి. ముల్లు బరువు కార్ట్రిడ్జ్ (ముల్లు అమర్చి ఉండే భాగం) కంపెనీ చెప్పిన పరిధిలో పై అంచుకు దగ్గరగా పెట్టు, చాలావాటికి అది 2 గ్రాములకు అటూ ఇటూ. తక్కువ పెడితే మేలనుకుంటారు గానీ గాడిలో ముల్లు ఎగిరిపడి గోడలు చెక్కేది అప్పుడే.

కడగడానికి 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లు, 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల రంగులేని పాత్రల సబ్బు. గాడి వెంటే మెత్తటి బ్రష్ తిప్పు, అడ్డంగా వద్దు. లేబుల్ తడవనివ్వకు. తరువాత ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మళ్లీ కడిగి, నిలబెట్టి ఆరనివ్వు. సబ్బు మిగిలితే ముల్లుకు తెల్లటి పొర పడుతుంది. ఇంట్లో తాతయ్యగారి 78 రికార్డులకు మాత్రం ఇది వాడొద్దు. అవి లక్కవి, ఆల్కహాల్ తగిలితే కరుగుతాయి.

పోస్టులో తెప్పిస్తే రికార్డును అట్టలోంచి తీసి, అట్ట వెనకాల విడిగా పెట్టి పంపమను. లేదంటే దారిలో కుదుపులకు రికార్డు అంచు అట్ట కుట్టును చీల్చేస్తుంది. మెత్తటి పీవీసీ కవర్లు వాడకు, వేడికి రికార్డు మీద మసక మచ్చలు తెస్తాయి. పాలిథీన్‌వి కొను. నిలువుగా, వదులు లేకుండా, నొక్కకుండా పెట్టు. సెలవులకు విజయవాడ తెచ్చేటట్టయితే చేతిసంచిలోనే తే. మే నెలలో ఎండన నిలిపిన కారులో గంట ఉంచితే వంకరపోతుంది, తిరిగి సాపు కాదు.

మొదటి ప్రతి కొనేముందు రెండు వైపుల రనౌట్, లేబుల్ ఫోటోలు తీసి పంపు, చూసి చెబుతాను.

నీ మామయ్య