టెక్ సందేహాలు: పిట్ట ఫోటో ముద్దలా వస్తోందా?

కిటికీ దగ్గరికి రోజూ ఒక పిచ్చుక వస్తుంది. ఫోన్‌లో 10ఎక్స్ జూమ్ పెట్టి తీస్తే రంగు పూసిన ముద్దలా ఉంటోంది. కొత్త ఫోన్ కొనాలా?

ఇప్పుడే వద్దు. ఫోన్‌లో ఉన్న టెలిఫోటో లెన్స్ (దూరంవి దగ్గరగా చూపేది) దగ్గరే అసలు జూమ్ ఆగిపోతుంది. ఆపైన జరిగేదంతా ఉన్న బొమ్మను కత్తిరించి సాగదీయడమే. అందుకే జూమ్ మానేసి ఫోన్‌నే పిట్ట దగ్గరికి పంపండి. అది వాలే చోటికి రెండడుగుల దూరంలో చిన్న స్టాండ్ మీద పెట్టి, మీరు గదిలో కూర్చుని బ్లూటూత్ రిమోట్ నొక్కండి. మొదటి రోజు అనుమానంగా చూస్తుంది, తర్వాత పట్టించుకోదు. అద్దం లోంచి తీయాల్సి వస్తే లెన్స్‌ని అద్దానికి ఆనించి, గదిలో లైటు ఆర్పేయండి. ఫ్లాష్ మాత్రం వద్దు.

సముద్రతీరంలో 400 ఎంఎం లెన్స్‌తో ఎగిరే కొంగల్ని తీస్తున్నాను. ఒంటి మీద ఈకలే కనిపించడం లేదు, అంతా తెల్లటి మచ్చ. పైగా మసక.

ఇవి రెండు వేర్వేరు తప్పులు. ముదురు నీళ్లను చూసి కెమెరా వెలుతురు చాలదనుకుని ఫోటోను తెల్లగా చేసేస్తుంది, దాంతో ఈకల గీతలు కాలిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్) -1కి తగ్గించండి. అదే కొంగ తెల్లటి ఆకాశం ముందు నల్లగా పడితే +1కి పెంచాలి. మసకకి మందు షట్టర్ స్పీడ్: సెకనులో 1/2000 వంతు పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి. గ్రెయిన్ (ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుందని టెన్షన్ పడొద్దు. దాన్ని సాఫ్ట్‌వేర్ చాలావరకు తుడిచేస్తుంది, కదిలిన రెక్కను సరిచేయడం దాని వల్ల కాదు.

అప్పటికీ మసకగానే ఉంటే టైమ్ చూసుకోండి. నేనూ ఒకసారి లెన్స్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాను. లెన్స్ బంగారంలా ఉంది. నేను తీసింది మిట్టమధ్యాహ్నం, కాలిన ఇసుక మీద ఊగే గాలి లోంచి! పొద్దున్నే వెళ్లి, వీలైనంత దగ్గర నుంచి తీయండి. ఇసుకలో లెన్స్ మార్చొద్దు. ఇంటికి రాగానే ఉప్పు తుంపర పడిన కెమెరా బాడీని కాస్త తడిపిన గుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవండి.

కూత విని పిట్ట పేరు చెప్పే యాప్ ఉందా?

మెర్లిన్ ఉంది, ఉచితం. అమెరికాలో పక్షుల్ని అధ్యయనం చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్లది. మీ ప్రాంతపు పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అలల హోరులో తడబడితే ఫోటో చూపించి అడగండి. అందులో ఉన్న కూతల్ని స్పీకర్లో మోగించి పిట్టను పిలవకండి. తన చోటులోకి మరో పక్షి చొరబడిందనుకుని, గూడు వదిలేసి దాని కోసం వెతుక్కుంటుంది.