ఆవు పొట్టలో ప్లాస్టిక్ కవర్లు: కరిగించే మందు ఉందా?

సందేహం: మా ఆవు రెండో ఈతలో ఉంది. నెల రోజులుగా ఎడమ డొక్క ఉబ్బుతోంది. మందు పోస్తే తగ్గుతుంది, రెండు మూడు రోజులకు మళ్లీ మొదలు. మేత సగానికి తగ్గింది, నెమరు కూడా సరిగా వేయడం లేదు. మొన్న పేడలో ప్లాస్టిక్ కవరు ముక్క కనిపించింది. కవర్లను కరిగించే మందు ఉందా? ఇంట్లో కవర్లకు బదులు ఏం వాడాలి?

జవాబు: అలాంటి మందు లేదండీ. నురగతో వచ్చే ఉబ్బరానికి నూనె పని చేస్తుంది కానీ ప్లాస్టిక్‌ను ఏ నూనె కరిగించదు, విరేచనాల మందూ బయటికి తోయదు. పేడలో ఒక ముక్క వచ్చింది కదా, మిగతావీ వచ్చేస్తాయని అనుకోవద్దు. ఆవు పొట్టలో నాలుగు అరలుంటాయి. మొదటిదైన పెద్ద పొట్ట నుంచి ముందుకు వెళ్లే దారి ఇరుకు. బాగా నమిలి మెత్తబడిన మేతే అందులోంచి జారుతుంది. కవర్లు అక్కడే ఉండిపోయి, మేత పీచుతో కలిసి మెలిపడి తాడులా, ముద్దలా గట్టిపడతాయి. తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే ఉబ్బరానికి ఇది ఒక ముఖ్య కారణం.

పశువైద్యుడికి చూపించండి. అనుమానం బలపడితే ఆపరేషనే దారి. ఆవును నిలబెట్టే, ఎడమ డొక్క దగ్గర మత్తు ఇచ్చి, కోసి చేత్తో తీస్తారు. టెన్షన్ పడాల్సిన పని కాదు, కానీ ఆవు బాగా నీరసించాక చేయిస్తే కోలుకోవడం కష్టం. చూడితో ఉంటే ఆ మాట ముందే చెప్పండి. ఈలోగా డొక్క డప్పులా బిగుసుకుని, ఆవు నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగొద్దు. తల పైకెత్తి బలవంతంగా మందు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇలా తీసిన ముద్దల్లో నేను ఎప్పుడూ గమనించేది ఒకటుంది. చాలా కవర్లకు వేసిన ముడి వేసినట్టే ఉంటుంది. ఆవుకు కావాల్సింది కవరు కాదు, లోపల మనం కట్టిపడేసిన అన్నం, కూరగాయల తొక్కలు. దానికి పైదవడన ముందు పళ్లుండవు. నాలుకతో చుట్టి లాక్కుని మింగుతుంది, విప్పి ఏరుకుని తినడం దానికి రాదు. ఆ కవర్లోనే తీగ ముక్కో సూదో ఉంటే అది రెండో పొట్టను పొడుచుకుని గుండె దాకా వెళ్లగలదు. అందుకే వంటింటి వ్యర్థాలను బకెట్లో విడిగా వేయండి, కవర్లో మూట కట్టొద్దు. కవరు వాడకం మానడానికి టైం పట్టినా, ఈ అలవాటు ఇవాళే మార్చుకోవచ్చు.

సరుకులకు గుడ్డ సంచి, గోనె సంచి మంచివి, అదీ ఒకే సంచిని ఏళ్ల తరబడి వాడితేనే. పాత బట్టతో కుట్టుకుంటే ఇంకా మేలు. 'మట్టిలో కలిసిపోయే కవరు' అని అమ్మేవాటిని మాత్రం పశువుల దగ్గర నమ్మకండి. వాటిలో చాలావాటికి కంపోస్టు కుప్పలో దాదాపు 60 డిగ్రీల వేడి వారాల తరబడి ఉండాలి. ఆవు పొట్టలో ఉండేది 39 డిగ్రీలు.

ఖనిజ లోపం ఉన్న పశువులు చెత్త, గుడ్డలు, తాళ్లు కూడా నములుతాయి. ఖనిజ లవణ మిశ్రమం రోజూ దాణాలో కలపండి, మోతాదు డాక్టరుగారు చెబుతారు.

ఇంకో మాట. మీ పెంటకుప్పలోనూ కవర్లు ఉండే ఉంటాయి. పొలానికి తోలే ముందు ఏరేయండి, మట్టిలో పొరలా ఉండిపోయి నీటికీ వేరుకూ అడ్డుపడతాయి. ఏరినవి కాల్చొద్దు, ఆ పొగ మీకూ పశువులకూ మంచిది కాదు.